వీధి దీపం కింద చామంతి



పోయిన నెల కరివేపాకు గురించి రాసినాను కదా. దానికి వచ్చిన మాటల్లో సగం కరివేపాకు గురించి కాదు, చామంతి గురించి. అందరిదీ దాదాపు ఒకటే బాధ. "అక్కా, నర్సరీ నుంచి తెచ్చినప్పుడు కుండీ నిండా పూలుండినాయి. ఆ పూలు రాలినాక మళ్ళీ పూయనే లేదు. చెట్టు మాత్రం పచ్చగా, ఏపుగా ఉంది. ఏం చేయాల?" అని. చెట్టు ఎండిపోతే నీళ్ళు తక్కువనో, పురుగనో చెప్పొచ్చు. పచ్చగా ఉండి పూయని చెట్టుకు ఏం చెప్పేది? ఈ ప్రశ్నకు నాకు జవాబు తెలిసింది, తెలిసే ముందర మా ఇంట్లో నాలుగేండ్లు జరగరానిది జరిగింది. అందుకే ఈ నెల చామంతి గురించీ, మా ఇంటి గురించీ కలిపి రాస్తాను.

మన బెంగళూరులో దీన్ని సేవంతిగె అంటారు. మనవాళ్ళు కొందరు చామంతి అంటారు, కొందరు శేవంతి అంటారు. ఇది బంతి లాగా ఒక కారు పూసి చచ్చిపోయే మొక్క కాదు. ఒకసారి నాటితే, పూలయినాక పైన కొమ్మలు ఎండినా, మొదట్లో నుంచి పిలకలు వేసుకుంటూ ఏండ్ల తరబడి బతుకుతుంది. దీని పుట్టిల్లు చైనా. అక్కడ నుంచి జపానుకు పోయింది. జపాను చక్రవర్తి గుర్తు పదహారు రేకుల చామంతే. ఇంకొక సంగతి. మనం ఒక పూవు అనుకునేది నిజానికి ఒక పూవు కాదు. చుట్టూ ఉండే ఒక్కొక్క రేకూ ఒక పూవు, నడుమ పసుపు దిమ్మెలో ఉండే ఒక్కొక్క చుక్కా ఒక పూవు. పొద్దుతిరుగుడు, బంతి, గడ్డిచామంతి, అన్నీ ఇట్లాంటి ఉమ్మడి కుటుంబాలే.

మా అమ్మ ఈ చెట్టును పెళ్ళయి వచ్చేటప్పుడు మడకశిర దగ్గరి మా అవ్వ వాళ్ళ ఊరి నుంచి తెచ్చింది. తడిగుడ్డలో చుట్టిన మూడు పిలకలు. పసుపు పచ్చ చిట్టి చామంతి, రూపాయి బిళ్ళంత పూవు, వాసన మాత్రం గది నిండుతుంది. అప్పుడు ఈ ఊరంతా మిల్లుల ఊరు. 1884లో మొదలైన బిన్నీ మిల్లు ఒక పక్క, మినర్వా మిల్లు ఒక పక్క, మల్లేశ్వరం దగ్గర రాజా మిల్లు. పొద్దున కూత వినపడితే గడియారం చూడాల్సిన పని లేదు. మా నాయన మగ్గాల ఖాతాలో, అమ్మ రీలింగులో. మా లైన్లో ఇంటి ముందు జానెడు చోటు. ఆ చోట్లో డాల్డా డబ్బాలు, నూనె డబ్బాలు, వాటిలో తులసి, దవనం, చామంతి.

చామంతి మాకు దేనికంటే ముందు ఆయుధ పూజకు. మీలో పెద్దవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు, పిల్లల కోసం చెప్తున్నాను. ఆ రోజు మిల్లులో యంత్రాలన్నీ తుడిచి, కుంకుమ పెట్టి, మామిడాకు కట్టి, సేవంతి మాలలు వేసేవాళ్ళు. గేటు దగ్గర బూడిద గుమ్మడికాయలు పగిలేవి. ఆ రోజు పిల్లలను కూడా లోపలికి రానిచ్చేవాళ్ళు. నేను మా అమ్మ మిషను చూసింది ఆ రోజుల్లోనే. అమ్మ మార్కెట్టు మాల మీద ఒక్క ఇంటి పూవు పెట్టేది. "వాళ్ళ మాల మిల్లుది, ఈ పూవు నాది" అనేది.

మిల్లు మూతపడినాక లైను ఖాళీ చేసినాము. ఎవరెవరు ఎక్కడికి పోతారో తెలియదు. అమ్మ డబ్బాలు కుమ్మరించి, పిలకలు విడదీసి, ఇంటికి రెండు చొప్పున పంచింది. మాకు మిగిలింది ఒక డబ్బా. అది మాతో మూడు అద్దె ఇండ్లు తిరిగింది. ఎక్కడ పెట్టినా దసరాకు పూసింది.

ఇప్పుడుండే ఇల్లు రెండో అంతస్తు. ముందర మూరెడు వెడల్పు వసారా. ఎండ వచ్చేది అక్కడొక్కచోటే, మిగతా మూడు వైపులా పక్కిండ్ల గోడలు. కొడుక్కి పెండ్లయింది, కోడలు వచ్చింది. గార్మెంట్సులో టైలరు. చెట్లంటే ఇష్టం. వచ్చిన వారానికే చామంతి డబ్బా పట్టుకుని, మట్టి మార్చి, తుప్పు పట్టిన డబ్బా పారేసి పెయింటు బకెట్టులో నాటింది. నేను సంతోషపడినాను.

ఆ ఏడు దసరాకు చెట్టు పూయలేదు.

మట్టి మార్చినందుకు బెదిరింది, మరుసటేడు పూస్తుందిలే అనుకున్నాము. మరుసటేడూ పూయలేదు. చెట్టు చూస్తే నడుమెత్తు పెరిగింది, ఆకు నల్లగా నిగనిగలాడుతుంది. గోడ వైపు తిరిగిన ఒక కొమ్మకు మాత్రం రెండు పూలు వచ్చినాయి. మూడో ఏడూ అంతే. ఎరువు మార్చి చూసినాను, నీళ్ళు తగ్గించి చూసినాను. దేనికీ మారలేదు.

ఇంక మాటలు మొదలైనాయి. కింది ఇంటి ఆమె ఒకరోజు మెట్ల మీద కూర్చుని, "మైల చేయి పడుంటుందమ్మా, చామంతికి పట్టింపు ఎక్కువ" అన్నది. మా అమ్మకు ఎనభై దాటినాయి, కన్ను సరిగ్గా ఆనదు, మాట మాత్రం ఆనుతుంది. "ఆ పిల్ల చేయి పెట్టినప్పటి నుంచే కదా ఇది పూయనిది" అన్నది. అప్పటికి కోడలికి పెండ్లయి మూడేండ్లు, బిడ్డలు లేరు. అమ్మ చెట్టును గురించే అన్నదో, ఇంకొకటి కలిపే అన్నదో తెలియదు. విన్నవాళ్ళు మాత్రం రెండూ కలిపే విన్నారు. కోడలు వంటింట్లో ఉంది. గిన్నె చప్పుడు ఆగింది. నేను ఏదైనా అనాల్సింది. అనలేదు. నా మనసులో కూడా ఆ మాట ఒక మూల ఉన్నట్టుంది, లేకుంటే నోరు ఎందుకు రాదు?

మరునాటి నుంచి ఆ పిల్ల చెట్లకు నీళ్ళు పోయడం మానేసింది. వసారాలో బట్టలు ఆరేయాలన్నా చామంతి బకెట్టుకు దూరంగా, పక్కకు తిరిగి పోయేది. నేను చూసినాను. చూసి కూడా ఏడాది పైన ఊరకుండినాను.

పోయిన జూలైలో మా చెల్లెలింటికి దొడ్డబళ్ళాపురం పోయినాను. అక్కడ మనవాళ్ళు మరమగ్గాలు నడుపుతారు, మీకు తెలుసు. బస్సు ఆలస్యమై పొద్దు బాగా పోయినాక చేరినాను. ఊరు ఇంకా రాకముందే కిటికీలో నుంచి చూస్తే పొలాల్లో దీపాలు. ఒకటి రెండు కాదు, తీగలు కట్టి వరుసగా వందల బల్బులు. పెళ్ళో, జాతరో అనుకున్నాను. మనిషి అలికిడి లేదు. చెల్లెలు చెప్పింది, "అదంతా సేవంతి తోటక్కా. రాత్రి దీపాలు పెడతారు" అని.

పొద్దున్నే పోయి ఆ రైతును అడిగినాను. "చెట్టు బాగా పూసేదానికా అన్నా ఈ దీపాలు?" అంటే ఆయన నవ్వినాడు. "పూసేదానికి కాదమ్మా, పూయకుండా ఉండేదానికి" అన్నాడు. లేత చెట్టు తొందరపడి పూస్తే జానెడు ఎత్తులో నాలుగు పూలు పూసి అయిపోతుంది. అందుకని రాత్రి కొన్ని గంటలు దీపం పెట్టి ఆపుతారు. చెట్టు పెరిగి కొమ్మలు వేసినాక, పండగ లెక్క చూసుకుని దీపాలు ఆర్పేస్తారు. అప్పుడు మొగ్గ వేస్తుంది.

నేను ఆ గట్టు మీదనే కూలబడినాను. మా వసారా కమ్మీకి ఎదురుగా, చేయి చాపితే అందేటంత దూరంలో, వీధి దీపం ఉంది. తెల్లగా పట్టపగలు లాగా వెలిగే కొత్త దీపం. అది వేసింది కోడలు ఇంటికి వచ్చిన ఏడాదే. గోడ వైపు కొమ్మకు రెండు పూలు ఎందుకొచ్చినాయో కూడా అప్పుడే అర్థమైంది. ఆ కొమ్మ మీద బకెట్టు వెనక గోడ నీడ పడుతుంది. జవాబు మూడేండ్లుగా నా కండ్ల ముందరే ఉంది.

ఇది దొడ్డబళ్ళాపురం రైతులు కనిపెట్టింది కాదు, వాళ్ళు బాగా వాడుకున్నది. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అని ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉండేవాళ్ళు. వాళ్ళ దగ్గర ఒక పొగాకు రకం ఎండాకాలమంతా ఆకు వేసుకుంటూ పోయేది తప్ప పూసేది కాదు. ఎరువు, వేడి, తేమ, అన్నీ మార్చి చూసినారు. కడకు 1918లో కుండీలను సాయంత్రం పొద్దుండగానే ఒక చీకటి కొట్టంలో పెట్టి, పొద్దున తీసి చూసినారు. పూసింది. 1920లో ఆ సంగతి అచ్చు వేసినారు. కొన్ని మొక్కలు పగలు పొట్టిదైతేనే పూస్తాయి, కొన్ని పొడుగైతేనే పూస్తాయి, కొన్నిటికి పట్టింపు లేదు అని. తర్వాత వచ్చినవాళ్ళు ఇంకొంచెం తేల్చినారు. పొట్టి పగలు అనేదాని కంటే పొడుగు చీకటి ముఖ్యం, ఆ చీకటి ఎడతెగకుండా ఉండాల అని. నడిరాత్రి దీపం వెలిగించినామంటే ఒక పెద్ద రాత్రి రెండు చిన్న రాత్రులైపోతుంది. చెట్టు ఇంకా ఎండాకాలమే అనుకుంటుంది.

చామంతి చీకటి కోరే చెట్టు. మన బెంగళూరులో జూన్‌లో అతి పెద్ద పగలు కూడా పదమూడు గంటలకు కొంచెం తక్కువే, డిసెంబరులో పదకొండు గంటల ఇరవై నిమిషాల దాకా తగ్గుతుంది. అంటే దీపం అడ్డు లేకుంటే మన ఊరి రాత్రి చామంతికి చాలు. పాత లైన్లో మా ఇంటి ముందు దీపం లేదు. వీధి చివర ఒక గుడ్డి బల్బు ఉండేది. అందుకే అమ్మ ఏమీ చేయకుండానే పూసేది. అమ్మ చేయి మంచిది కాబట్టి కాదు, కోడలి చేయి చెడ్డది కాబట్టీ కాదు.

ఇంటికి వచ్చినాక ముందు కార్పొరేషనుకు పోయి దీపం పక్కకు జరపమని అర్జీ ఇద్దామనుకున్నాను. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు వసారాలో నిలబడి ఉంటే, గార్మెంట్సు బస్సు దిగి ఆడపిల్లలు గుంపుగా నడిచి వస్తున్నారు, మా కోడలు కూడా. ఆ దీపం కింద మొఖాలు తెలుస్తున్నాయి. ముందర ఆ మలుపులో ఎంత చీకటో, ఎవరెవరు నిలబడేవాళ్ళో నాకు తెలుసు. అర్జీ మాట విడిచిపెట్టినాను. మనుషులకు దీపం కావాల, చెట్టుకు చీకటి కావాల. చెట్టుకు చీకటి మనం చేసి ఇయ్యొచ్చు.

ఆ రాత్రే అన్నాలు తినేటప్పుడు అమ్మ ముందర, కొడుకు ముందర చెప్పినాను. "చెట్టు పూయనిది దీపం వల్ల. ఈ పిల్ల చేతి వల్ల కాదు. అమ్మ ఆ మాటన్నప్పుడు నేను అడ్డం పడాల్సింది, పడలేదు. తప్పు నాది" అని. కోడలు తల ఎత్తలేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దీపానికి పూలు పూయవంటనా, ఎక్కడైనా ఉందా" అని గొణిగింది. కొడుకు నవ్వబోతే నేను కళ్ళెర్ర చేసినాను. నవ్వే సంగతి కాదు అది.

మా నాయన మిల్లులో తీసుకున్న ముదురు రంగు కంబళి ఒకటి ఉంది, దళసరిది. బకెట్టు చుట్టూ నాలుగు వెదురు పుల్లలు గుచ్చి, ఆకుకు తగలకుండా ఆ కంబళి కప్పడం మొదలుపెట్టినాము. సాయంత్రం ఆరు గంటలకు కప్పేది నేను. పొద్దున ఏడు గంటలకు డ్యూటీకి పోతూ తీసేది కోడలు. నేను అడగలేదు, మొదటి రోజు నేను లేచేసరికి తనే తీసి మడత పెట్టి ఉంది. ఒకరోజు ఇద్దరం మరిచిపోతే అమ్మ లోపల నుంచి అరిచింది, "చెట్టుకు కంబళి కప్పినారా లేదా?" అని.

నాలుగు వారాలకు కొనల్లో సజ్జగింజంత మొగ్గలు కనపడినాయి. తొమ్మిది వారాలకు మొదటి పూవు విచ్చుకుంది.

ఇంక పద్ధతి చెప్తాను. కత్తిరించి పెట్టుకోండి.

ఎప్పుడు, ఎట్లా నాటాల: పూలన్నీ అయినాక, జనవరి, ఫిబ్రవరిలో, కొమ్మలను నేల నుంచి నాలుగు వేళ్ళ ఎత్తు ఉంచి కోసేయండి. మొదట్లో పిలకలు వస్తాయి. వేరుతో సహా విడదీసి నాటుకోవచ్చు. లేకుంటే మే, జూన్‌లో లేత కొనలు మూడు అంగుళాలు తుంచి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి. రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. జూన్ ఆఖరుకు పెద్ద కుండీకి మార్చండి. పది అంగుళాల కుండీ చాలు. పెయింటు బకెట్టయినా సరే, అడుగున నాలుగు పెద్ద తూట్లు తప్పకుండా ఉండాల.

మట్టి: ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు. చామంతి ఆకలికి ఓర్చుకుంటుంది, నీళ్ళు నిలిస్తే ఓర్చుకోదు. వేరు కుళ్ళి ఒక్క వారంలో వాలిపోతుంది. పై మట్టిలో వేలు పెట్టి చూసి, ఆరినట్టుంటేనే నీళ్ళు పోయండి. మొదట్లో పోయండి, ఆకు మీద కాదు.

ఎండ: పగలు అయిదారు గంటల ఎండ కావాల. రాత్రి చీకటి కావాలంటే పగలు కూడా నీడ అని కొందరు అనుకుంటారు. అది తప్పు.

తల గిల్లడం: ఇది చాలామంది చేయరు, చేతులు రావు. మొక్క జానెడు అయినాక నడి కొనను గోటితో గిల్లేయండి. పక్క కొమ్మలు వస్తాయి. మూడు నాలుగు వారాలకు ఆ కొమ్మల కొనలు కూడా గిల్లండి. ఒక కొమ్మ పది కొమ్మలవుతుంది, పది పూలు యాభై అవుతాయి. జూలై ఆఖరు తర్వాత గిల్లొద్దు. గిల్లినాక పూవు రావడానికి పది పన్నెండు వారాలు పడుతుంది. దసరా నుంచి వెనక్కి లెక్క పెట్టుకోండి. పెద్ద పూవు కావాలనుకునేవాళ్ళు కొమ్మకు నడి మొగ్గ ఒక్కటి ఉంచి పక్క మొగ్గలు తీసేయొచ్చు. మాలకైతే అన్నీ ఉంచండి.

తిండి: చెనక్కాయ చెక్క పిడికెడు నీళ్ళలో మూడు నాలుగు రోజులు నానబెట్టి, ఒక చెంబుకు పది చెంబుల నీళ్ళు కలిపి పదిహేను రోజులకొకసారి. వాసనకు పక్కింటివాళ్ళు తిడతారు, పొద్దున్నే పోసేయండి. మొగ్గలో రంగు కనపడినాక ఆపేయండి.

పురుగు, తెగులు: లేత కొనలకు నల్లటి పేనుబంక పడుతుంది. లీటరు నీళ్ళకు ఒక చెంచా వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి. కింది ఆకుల మీద నల్లని మచ్చలు వస్తే ఆ ఆకులు తుంచి దూరంగా పారేయండి, చెట్లను ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పెట్టండి. కొందరికి చామంతి ఆకు రసం తగిలితే చేతులు దురద పెడతాయి, వాళ్ళు కవరు తొడుక్కుని గిల్లండి. చామంతికి చుట్టమైన మొక్క ఒకటి తనే దోమలకు మందు. దాని ఎండిన పూల పొడితోనే మొదట్లో దోమబత్తీలు చేసినారు. మన మాలల చామంతి అది కాదు, దీని పొడి కాల్చి ఇల్లంతా పొగ చేయకండి.

చీకటి: మీ చెట్టు పూయకుంటే రాత్రి పది గంటలకు దాని పక్కన నిలబడి చూడండి. మీ చేతి గీతలు తెలిసేటంత వెలుగు ఉంటే అదే కారణం కావొచ్చు. మిద్దె మీదికో, పెరటి వైపుకో మార్చండి. మార్చే చోటు లేకుంటే మా లాగా సాయంత్రం ఆరుకు కప్పి పొద్దున ఏడుకు తీయండి. అట్టపెట్టె అయినా, నల్లగుడ్డ అయినా సరే, వెలుగు దూరకూడదు, గాలి ఆడాల. ప్లాస్టిక్కు కవరు వద్దు, ఉడికిపోతుంది. మొగ్గలో రంగు కనపడేదాకా ఒక్క రాత్రి కూడా తప్పకుండా కప్పండి. రంగు వచ్చినాక ఇంక అవసరం లేదు.

కొత్తగా కొనేవాళ్ళకు ఒక మాట. కుండీ నిండా పూలతో అమ్మే చిన్న చెట్లు చూడ్డానికి బాగుంటాయి. పూలు రాలినాక పారేయకండి, కోసి ఉంచితే పిలక వేస్తుంది. మొగ్గలు ఎక్కువ ఉండి, ఒకటి రెండు పూలు మాత్రమే విచ్చిన కుండీ తీసుకోండి. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళు 'ఇందిర', 'రెడ్ గోల్డ్' లాంటి రకాలు తీసినారు. లాల్‌బాగ్‌లో ఆగస్టు, జనవరి పూల ప్రదర్శనలకు పోయినప్పుడు పిల్లలకు అద్దాల మేడ చూపించి, చామంతి దగ్గర కాసేపు నిలబెట్టండి. ఒక్క పూవులో ఎన్ని పూలున్నాయో లెక్క పెట్టమనండి.

ఆయుధ పూజ నాటికి మా బకెట్టులో ముప్పై పైనే విచ్చినాయి. పొద్దున అమ్మ వసారా దాకా గోడ పట్టుకుని వచ్చింది. కన్ను ఆనదు కదా, తడిమి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక పూవు తుంచి చేతిలో పట్టుకుని లోపలికి పోయింది. దేవుని పటానికి పెడుతుందనుకున్నాను. గది మూల కోడలి కుట్టుమిషను ఉంది, తొక్కుడుది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అమ్మ తడుముకుంటూ పోయి, దాని చక్రం మీద ఆ పూవు పెట్టింది. ఏమీ అనలేదు. మా అమ్మకు తప్పయిందని చెప్పే అలవాటు ఎప్పుడూ లేదు. కోడలు కుంకుమ గిన్నె తెచ్చి, అవ్వ చేయి పట్టుకుని, మిషనుకు బొట్టు పెట్టించింది.

కోడలికి బిడ్డలు కలిగినారా అని అడగకండి. చెట్టుకూ ఆ పిల్లకూ ముడి పెట్టకూడదనే కదా ఇంత రాసింది. మన ఇండ్లలో ఏదైనా ఆగిపోతే, చెట్టు పూయకపోయినా, పాలు విరిగినా, ముందు ఏ ఆడపిల్ల చేయి తగిలిందో వెతుకుతాము. ఇకనుంచి ముందు తల ఎత్తి దీపం ఎక్కడుందో చూడండి.

సంక్రాంతి తర్వాత మా చెట్టు కోస్తాము. పది పదిహేను పిలకలు వస్తాయి. పాత లైనువాళ్ళ ఇండ్లలో అమ్మ పంచిన చామంతి ఎవరి దగ్గరైనా ఇంకా బతికి ఉంటే నాకు తెలియజేయండి, అమ్మకు చెప్తాను. లేనివాళ్ళకు పిలకలు నేనిస్తాను. తడిగుడ్డ తెచ్చుకోండి.

వచ్చే నెల పుదీనా, అది కూడా చీకటి ఇండ్లవాళ్ళ కోసం. ఉంటాను.